గులకరాళ్ల బాత్రూం, మన బోరు నీళ్లు

హనుమకొండలో ఇల్లు కడుతున్న మా వదినకు పెబుల్ టైల్స్ మీద మనసు పడింది. గులకరాళ్లను అడుగు చదరపు వల మీద అతికించి షీట్ల లెక్కన అమ్ముతారు చూడండి, అవి. ఏదో రిసార్టులో చూసిందట, ఫోన్‌లో ఫోటోలు కూడా దాచుకుంది. ఆమె టెన్షనల్లా ఒక్కటే: "ఇప్పుడైతే మంచిగనే ఉంటది గానీ, ఐదేండ్లు పోయినంక పాతగ కనబడదా?"

నన్నడిగితే ఫ్యాషన్ కంటే ముందు ఆమె బోరు నీళ్ల గురించి ఆలోచించుకోవాలి.

ఫ్యాషన్ సంగతి గబగబా తేల్చేస్తాను. గులకరాళ్ల నేల నిన్నమొన్న పుట్టిందేం కాదు, గ్రీసులోని పెల్లాలో క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో వేసినవి ఇప్పటికీ చూడొచ్చు. తొందరగా పాతబడేది గోడ మధ్యలో నిలువు పట్టీలా అతికించే రకం. నాలుగు రంగుల రాళ్లు, మధ్యమధ్యలో మెరిసే గాజు ముక్కలు... డాల్ఫిన్ బొమ్మల టైల్స్‌లాగే అది కూడా ఆ ఇల్లు ఏ కాలంలో కట్టిందో ఇట్టే చెప్పేస్తుంది. అదే ఒకే రంగు రాళ్లు, స్నానం చేసే చోట నేలకు మాత్రమే వేసి గోడలు సాదాగా వదిలేస్తే చాలా ఏళ్లు కంటికి ఇబ్బంది ఉండదు. అయినా మొజాయిక్ నేల పాతదైపోయిందని పగలగొట్టించి విట్రిఫైడ్ వేయించుకున్న ఇళ్ల పిల్లలే ఇప్పుడు టెరాజో అంటూ మళ్లీ దానికే డబ్బులు పోస్తున్నారు, ఇంక ఏం చెప్తాం.

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం. తాగడానికి మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా చాలా ఇళ్లలో ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లే. తాగే నీళ్లలో కాఠిన్యం, అంటే కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిదని, వేరే దిక్కు లేకపోతే 600 వరకు పర్వాలేదని ప్రమాణాలు చెబుతాయి. మన బోర్ల సంగతి తెలుసుకోవడానికి ల్యాబు దాకా పోనక్కర్లేదు, గీజరు విప్పినప్పుడు లోపలి రాడ్డుకు పేరుకున్న పెంకు చూస్తే చాలు. పెద్ద టైల్ వేస్తే సందు ఎక్కడో ఒకటి ఉంటుంది, గులకరాళ్లకు ఒక్కో రాయి చుట్టూ సందే. ఆ సందుల్లో మామూలు సిమెంటు గ్రౌట్ నింపితే అది నీళ్లు పీలుస్తుంది, ఆరినప్పుడు ఉప్పు పైకి తేలుతుంది, దాని మీద సబ్బు జిడ్డు పడుతుంది, ఆ జిడ్డుకు వెంట్రుకలు అంటుకుంటాయి. దగ్గరగా కూర్చుని చూస్తే ప్రతి రాయి చుట్టూ ముందు తెల్లటి గీత, కొన్నాళ్లకు ఆ గీత పక్కన నల్లటి నాచు. వైపరు లాగితే రాళ్ల మీద నీళ్లే పోతాయి, సందుల్లోవి కదలవు. పాత టూత్ బ్రష్ పట్టుకుని కూర్చోవాల్సిందే. ఇల్లు పాతగా కనబడేది అప్పుడు, ఫ్యాషన్ మారకముందే.

మరకలు కనబడగానే మనవాళ్లు చేసే పని యాసిడ్ పోయడం. తెల్లగా నున్నగా ఉండే రాళ్లు చాలావరకు మార్బుల్ ముక్కలే, యాసిడ్ పడితే నురగ వచ్చి పైపొర తినేస్తుంది, మెరుపు పోతుంది, గ్రౌట్ కూడా కరుగుతుంది. షాపులో ఒక విడి రాయి అడిగి తెచ్చుకుని నిమ్మరసం వేసి చూడండి. బుడగలొస్తే, లేదా తుడిచాక అక్కడ మెరుపు తగ్గితే, ఆ రాయి బాత్రూంకు వద్దు.

ఇంకోటి, ఫోటోల్లో ఎవరికీ గుర్తురానిది. ఆ రిసార్టుల్లో నిలబడి షవర్ కింద స్నానం చేస్తారు. మా ఇంట్లో పెద్దవాళ్లంతా పీట మీద కూర్చుని బకెట్, మగ్గుతోనే. ఎగుడుదిగుడు రాళ్ల మీద పీట ఊగుతుంది, నిండు బకెట్ ఒరుగుతుంది, నాలుగు బట్టలు పిండుదామంటే చదునైన చోటుండదు. సందులు ఎక్కువ కాబట్టి కాలు జారదు, అది నిజం, ఒప్పుకోవాల్సిందే. కానీ షుగరుతో అరికాళ్లు తిమ్మిరెక్కిన మా మామయ్యగారిని పొద్దున్నే ఆ రాళ్ల మీద నిలబెట్టి ఆక్యుప్రెషర్ అంటే ఆయన ఊరుకుంటారా?

మేస్త్రీ అయితే ఒక్క ముక్కలో చెప్పాడు. "అక్కా, చూడనీకి మంచిగుంటది. కడిగేటోళ్లను అడుగుండ్రి."

కాళేశ్వరం పోయినప్పుడు గోదావరి ఒడ్డున రాళ్లు ఏరుకొచ్చి వేయిద్దామని మా అన్నయ్య అంటున్నాడు గానీ, ఒకటి పలచన ఒకటి మందం, వాటిని సమంగా కూర్చేసరికి మేస్త్రీ పారిపోతాడు.

అందుకే వదినకు చెప్పింది ఇది. పెద్దవాళ్ల బాత్రూంలో వద్దు, అక్కడ గరుకు ఫినిష్ గ్రానైట్ వేయించు, కరీంనగర్ పక్కనే ఉంది, రాయికి కొదువ లేదు. నీ గదిలోని బాత్రూంలో షవర్ కిందికి మాత్రం ముచ్చట తీర్చుకో. పైభాగం కోసి చదును చేసిన రాళ్ల షీట్లు దొరుకుతాయి, అవే తీసుకో. గ్రౌట్ ఎపాక్సీదే (సిమెంటు బదులు రెజిన్‌తో చేసేది) కావాలని ముందే చెప్పు, ఖరీదెక్కువ, పని చేయడమూ కష్టమే, కానీ నీళ్లు పీల్చదు. జాలీ వైపు వాలు అడుగుకు పావు అంగుళం ఉండాలి, గ్రౌట్ నింపకముందే ఒక చెంబు నీళ్లు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూసుకో. షీట్లు పక్కపక్కన పెట్టి వదిలేస్తే చదరాల గీతలు కనబడతాయి, అంచు రాళ్లు కొన్ని ఊడదీసి ఒక షీటులోకి ఇంకోటి కలిపేయమను. గ్రౌట్ రంగు తెలుపు తప్ప ఏదైనా సరే, రాయి కంటే కాస్త ముదురు బూడిద రంగైతే ఇంకా మంచిది.