పెరట్లో జిన్‌ఫాండెల్: కత్తిరింపు నుంచి గాజు జాడీల వరకు

జిన్‌ఫాండెల్ ఎప్పుడు పండిందో తేల్చుకోవడమే ఈ ఎర్ర ద్రాక్షతో వైన్ చేసేవారికి అన్నిటికన్నా కష్టమైన పని. ఒకే గుత్తిలో ఇంకా గులాబి రంగు దాటని పండ్లు, నిండుగా పండినవి, అప్పటికే వడలి ఎండుద్రాక్షగా మారినవి కలిసి ఉంటాయి. కాలిఫోర్నియాలోని లోడైలో మా పెరట్లో పెంచుతున్న తీగల విషయంలో ఈ ఏడాది నా శ్రద్ధంతా దీని మీదే పెట్టాను.

ఫిబ్రవరిలో కత్తిరింపు పూర్తయింది. తెలంగాణ ద్రాక్ష తోటల్లో తీగను పందిరికెక్కించి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఇక్కడ చలికాలమంతా తీగ నిద్రలో ఉంటుంది కనుక ఒక్కసారే చాలు. పాత పద్ధతిలో, పందిరి గాని ఇనుప తీగలు గాని లేకుండా, పొట్టి మొదలు మీద కొన్ని కొమ్మలు ఉంచి, ఒక్కొక్క దాని చివర రెండేసి కణుపులు వదిలాను. లోడైలో ఇసుక నేలలు ఎక్కువ. వేళ్ళను పీల్చే ఫిలాక్సెరా పురుగు ఇసుకలో సరిగా బతకలేదు. అందుకే అంటు కట్టని, వందేళ్ళు దాటిన తీగలు ఈ ప్రాంతంలో ఇప్పటికీ కాస్తున్నాయి.

జూన్‌లో ఉదయపు ఎండ తగిలే తూర్పు వైపు మాత్రమే ఆకులు తీశాను, ఎందుకంటే పడమటి ఎండకు దీని పల్చని తొక్క మాడిపోతుంది. గుత్తి బిగువుగా ఉండి లోపల తేమ నిలిస్తే కుళ్ళు పడుతుంది కనుక పక్కన వేలాడే పిల్ల గుత్తులను కోసేశాను. రంగు తిరిగే వేళ వెనకబడి పచ్చగా మిగిలిన గుత్తులను కూడా తీసేశాను. మనసొప్పని పనే గాని, పంట ఒక్కతీరుగా పండడానికి అంతకు మించిన ఉపాయం నాకు కనబడలేదు.

సెప్టెంబరులో అసలు పరీక్ష వచ్చింది. విడి పండ్లు ఏరితే లెక్క తప్పుతుంది కనుక, తీగకు రెండు వైపుల నుంచి గుత్తులకు గుత్తులే కోసి, సంచిలో నలిపి రసం చూస్తే 24.5 బ్రిక్స్ (రసం బరువులో చక్కెర శాతం) వచ్చింది. పంట కోసి, నలిపి, సూక్ష్మజీవులను అదుపు చేసే సల్ఫైట్ 30 పీపీఎం (లీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు) కలిపి, గడ్డకట్టించిన నీటి సీసాలను తొట్టిలో ముంచి చల్లగా ఉంచాను. మరునాడు బాగా కలిపి చూస్తే అదే రసం 26.4 చూపింది. ఎండిన పండ్లు రసంలో నాని, దాచుకున్న చక్కెరను అప్పుడు వదులుతాయి. కాబట్టి జిన్‌ఫాండెల్ విషయంలో కోతనాటి అంకెను నమ్మి ఏదీ కలపకూడదు. 25కు దించడానికి నూరు లీటర్ల రసానికి క్లోరిన్ లేని నీరు ఐదున్నర లీటర్లు, లీటరు నీటికి 6 గ్రాముల చొప్పున టార్టారిక్ ఆమ్లంతో కలిపాను. పులుపు పలచబడకుండా ఉండటానికే ఆ ఆమ్లం.

ఈస్ట్ వేశాక పైకి తేలిన తొక్కల తెట్టును రోజుకు మూడుసార్లు కిందికి తొక్కాను. థర్మామీటరును ఆ తెట్టులోనే గుచ్చి చూడాలి. అడుగున ఉన్న రసం కన్నా అది వేడిగా ఉంటుంది, 30 డిగ్రీలు దాటితే మళ్ళీ మంచు సీసాలే శరణ్యం. పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ ప్రమాదకరం కనుక గ్యారేజీ తలుపు తెరిచే ఉంచాలి. ఆల్కహాల్ పుట్టాక, కాంతి వంపును బట్టి చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటరు సరైన అంకె చెప్పదు, అప్పటి నుంచి రసంలో తేలించి చూసే హైడ్రోమీటరే వాడాలి. బ్రిక్స్ సున్నాకు దిగాక తొక్కలను పిండి, వైన్‌ను గాజు జాడీలలో మూతి దాకా నింపాను. ద్రాక్షలోని ఘాటైన మాలిక్ ఆమ్లం ఇంకా పూర్తిగా పోలేదని కాగితపు క్రొమటోగ్రఫీలో (ఆమ్లాలను కాగితం మీద విడదీసి చూసే పరీక్షలో) తేలింది. దాన్ని మార్చే బ్యాక్టీరియాను సల్ఫైట్ ఆపేస్తుంది, అందువల్ల ఇప్పుడే సల్ఫైట్ వేయడం లేదు.

ఇటలీలోని పుల్యాలో, మాండూరియా, జోయా దెల్ కోలె చుట్టుపక్కల పండే ప్రిమితీవో కూడా ఈ ద్రాక్షేనని 1990లలో డీఎన్ఏ పరీక్షలు తేల్చాయి. 2001లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ద్రాక్ష శాస్త్రవేత్త కేరల్ మెరెడిత్, క్రొయేషియాలోని జాగ్రెబ్ శాస్త్రవేత్తలు కలిసి క్రొయేషియా తీరంలోని కాష్టెల్ నోవీలో దొరికిన తీగ కూడా ఇదేనని నిర్ధారించారు. ప్రిమితీవో ఎంపికల గుత్తులు కాస్త వదులుగా ఉంటాయి, కుళ్ళు తక్కువ. వచ్చే వసంతంలో చివరి వరుసలో వాటిని నాటి, నానకముందు, నానాక వచ్చే బ్రిక్స్ తేడాను రెండింటికీ పక్కపక్కనే రాసుకుంటాను.