బతుకమ్మకు రానన్న బిడ్డ

"ఈసారి నేను రాను మమ్మీ, నా పురుగులు అప్పుడే బయటికొస్తాయి" అన్నది మా బిడ్డ. ఎంత బతిమాలినా వినలేదు. ఆమెను వాళ్ల నాన్న దగ్గర ఉంచి నేనొక్కదాన్నే హనుమకొండ వచ్చాను. పద్మాక్షి గుట్ట దగ్గర బతుకమ్మ ఆడుతున్నంతసేపూ మనసు అటే ఉంది.

ఆమె పురుగులంటే అక్టోబర్ క్యాడిస్‌లు. అమెరికాలో మా ఇంటి దగ్గర, క్యాస్కేడ్ కొండల నుంచి దిగే వాగులో ఉంటాయి. పిల్లపురుగు నోట్లోంచి తీసిన పట్టుదారంతో నీళ్లలోనే గూడు కట్టుకుని మోసుకు తిరుగుతుంది. చిన్నగా ఉన్నప్పుడు ఆకుముక్కలు, పుల్లలు అతికిస్తుంది, పెరిగాక సన్న రాళ్లు. నడి ఎండాకాలంలో ఆ గూడును రాయికి అంటించి, లోపల మూసుకుని ఉండిపోతుంది. చలి మొదలయ్యే వేళకు గూడు తెంచుకుని, ఒడ్డు రాళ్ల మీదికి పాకి, పైపొర వదిలేసి నారింజ రంగు ఒంటితో లేస్తుంది. నిరుడు ఒకటి మా బిడ్డ మోచేతి మీద వాలింది. ఇంటికప్పులా మడిచిన రెక్కలు, వాటి నిండా నూగు. అది ఎగిరిపోయేదాకా ఆమె చెయ్యి కదపలేదు.

అమ్మకు ఇదంతా చెప్తే, "ఆ వాగు నీళ్లు మంచిగున్నయా బిడ్డా?" అని అడిగింది. నీళ్లు పాడైతే ముందు పోయేవి ఇలాంటి పురుగులే. అమ్మకు అదెవరూ చెప్పలేదు.

పండుగకు పిల్లల్ని తప్పకుండా ఊరికి తీసుకెళ్లాలని నేను అందరికీ చెప్తుంటాను. ఇప్పటికీ అదే అంటాను. కానీ మా బిడ్డకు గునుగు పువ్వు తాంబాళంలోనే తెలుసు, వానలకు చేను గట్టున మొలిచి పూతకొచ్చేది చూడలేదు. ఆ వాగునైతే ఏడాది పొడుగునా చూస్తుంది. పెత్రమాస నుంచి సద్దుల దాకా ఇక్కడ ఉంటే, నాకున్నట్టు ఆమెకూ ఈ కాలం ఒంట్లోకి ఇంకుతుందా?

వచ్చే ఏడు అక్కడి వేసవి సెలవుల్లో, అంటే ఇక్కడి వానాకాలంలో, తీసుకొద్దామా అనుకుంటున్నాను. గూళ్లు మూసుకుని ఉంటాయి కాబట్టి ఆమె కాదనదు. ఇక్కడ వానలు పడుతుంటాయి, చెరువులు నిండుతుంటాయి, గునుగు అప్పుడే మొలుస్తుంటుంది. బతుకమ్మ మాత్రం ఉండదు. నా మనసు ఇంకా దానికి ఒప్పుకోవడం లేదు.