బాత్రూం ప్లాన్ బాపు మోకాళ్ల కాన్నించి మొదలువెట్టినం

బాత్రూం అనంగనే అందరూ ముందుగాల టైల్స్ షాపుకు ఉరుకుతరు. నేనైతే ఇంట్ల పెద్దోళ్లు ఎట్ల కూసుంటరు, లేసేటప్పుడు ఏడ చెయ్యి వెడ్తరు, అది సూడుండ్రి ముందు అంట.

హన్మకొండల మా ఇంటి బాత్రూం 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడుగు. బాపుకు మోకాళ్ల నొప్పులు. అందుకె తలుపు కాన్నే వాష్ బేసిన్, నడుమ కమోడ్, ఆఖరుకు కిటికీ కింద స్నానం జేసే జాగ, అన్నీ ఒకటే గోడకు వెట్టిచ్చినం, గట్లయితే రాత్రి లేసి వోయినా తడి నేల మీద అడుగు వడది. కమోడ్‌కు స్నానానికి నడుమ మూడున్నర అడుగుల ఎత్తు చిన్న గోడ గట్టిచ్చినం, నీళ్లు ఇటు ఎగురవు, పైగ బాపు వట్టుకొని లేసే స్టీల్ రాడ్ దానికే బిగిచ్చినం. కమోడ్ నడిమి గీత ఆ గోడకు 18 ఇంచులు, 15 కన్న తక్కువుంటె మోచెయ్యి తాకుతది. సీటు ఎత్తు కూడ మామూలు దాని కన్న రెండించులు ఎక్కువున్నది తీసుకున్నం.

కమోడ్ కొనకముందే పైపు కొలత సూడాలె. నేలల దిగే ఎస్ ట్రాప్ అయితె గోడకు పైపు నడుమకు 9 ఇంచులా 12 ఇంచులా అన్నది మోడల్‌ను వట్టి ఉంటది, ఆ కొలత ఇటుక గోడ కాన్నించి గాదు, టైల్ అతికినంక ఉండే గోడ కాన్నించి. సిమెంటు, టైల్ కలిపి ఇంచు, ఇంచున్నర తింటది మరి.

తలుపు కాడ మేస్త్రితోని గట్టిగనే వాదన అయింది. "బయటికి తెరిస్తె నడిచేటోళ్లకు అడ్డమైతది అన్నా" అంటడు. లోపటికి తెరిసే తలుపైతె లోపట మనిషి వడ్డడనుకో, ఆ మనిషే అడ్డమైతడు, తలుపు రానే రాదు. బయటికే వెట్టిచ్చిన. చౌకట్ గ్రానైట్‌ది, కట్టె అయితె తడికి ఉబ్బుతది.

కింద మ్యాట్ టైల్స్, అడుగు బై అడుగుయే. పెద్ద పలకలైతె నీళ్లు వోయే జాలీ దిక్కు వాటం సక్కగ రాదు. గడప లేకుంట, స్నానం కాడ మూడడుగులకు అర ఇంచు వాటం ఇచ్చినం. టైల్స్ ఎయ్యకముందు వాటర్‌ప్రూఫింగ్ జేసి రెండొద్దులు నీళ్లు నింపి పెట్టుండ్రి, ఎంత తొందరున్నా సరే.

షవర్ ఉన్నది గని బాపు కుర్చీ మీద కూసుండి బకెట్ తోనే పోసుకుంటడు, అందుకె నల్లా నేలకు 2 అడుగుల ఎత్తుల, కూసున్న చెయ్యికి అందేటట్టు వెట్టిచ్చినం. వేడి నీళ్ల లైనుకు వేడికి తట్టుకునే ప్లాస్టిక్ పైపు, సీపీవీసీయే. గీజర్‌కు 16 ఆంప్స్ ప్లగ్, 4 ఎస్‌క్యూ ఎంఎం వైరు, కరెంటు పెట్టెల 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతె వెంటనే బందువెట్టే స్విచ్), ఈడ మాత్రం పైసలు సూడకుండ్రి. మా బోరు నీళ్లకు నల్లాల మీద తెల్లగ ఉప్పు గడ్తది, అందుకె కమోడ్‌కు, బేసిన్‌కు, గీజర్‌కు దేనికది యాంగిల్ కాక్ (నీళ్లు బందువెట్టే చిన్న నల్లా) ఉన్నది, ఒకటి ఇప్పి కడుగుతున్నా మిగతాయి నడుస్తనే ఉంటయి.