మౌంట్ వెర్నన్ వెళ్ళొచ్చాక

ఇండియా నుంచి ఎవరొచ్చినా అమెరికా మొదటి ప్రెసిడెంట్ జార్జ్ వాషింగ్టన్ ఇల్లు, మౌంట్ వెర్నన్, చూపించడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది, మొన్న నాన్నొస్తే ఆయన్నీ తీసుకెళ్ళాం, మావాడు మాత్రం రానంటే రానన్నాడు (నాలుగోసారి మరి, పాపం), అయినా లాక్కెళ్ళాను, మొండితనం మా వంశంలోనే ఉంది.

నాన్న గోడని వేలితో కొట్టి చూసి "ఇది రాయి కాదే" అన్నారు. చెక్కే, పెయింట్ మీద ఇసక చల్లి రాయిలా కనిపించేట్టు చేయించాడు. వాషింగ్టన్‌కి ఫ్రెంచ్ స్నేహితుడు లాఫయెట్ పంపిన పారిస్ బాస్టిల్ జైలు తాళంచెవి గురించి, సిటిజన్‌షిప్ టెస్ట్‌కి బట్టీ పట్టిందాని గురించి అంతా నాన్నకి వప్పజెప్పేశాను. వెనక వసారాలో పొటోమాక్ నది వైపు వేసిన కుర్చీల్లో తాతామనవళ్ళకి ఫొటో తీద్దామనుకుంటే వీడు కూర్చోనన్నాడు.

వాడి ధ్యాసంతా గ్రీన్‌హౌస్ పక్కన బానిసల గదుల మీద. ఒకదాని మీద ఒకటి చెక్క బంకులు, లెక్కపెడుతున్నాడు. 1799లో వాషింగ్టన్ పోయేనాటికి ఆ ఎస్టేట్‌లో 317 మంది బానిసలు, అందులో తన పేరు మీదున్న 123 మందికి విల్లులో విడుదల రాశాడు, చూశావా అన్నాను, ఏదో నేనే విడిపించినట్టు.

"మరి తాతయ్య వాళ్ళ కొట్టం పక్కన పడుకునే తాత?"

ఊళ్ళో పెద్దవాళ్ళందరినీ తాత అనమని నేర్పింది నేనే, పాలేరుని కూడా అలా పిలిస్తే అక్కడ అందరూ నవ్వారు.

"ఆయనకి జీతం ఇస్తారు నాన్నా, ఏడాదికి ఇన్ని బస్తాలని."

"మరి ఆయన గ్లాసు బయట చూరులో ఎందుకు పెడతారు?"

రెండేళ్ళ కిందట వారం రోజులున్నాడంతే అక్కడ, అది చూశాడని కూడా నాకు తెలీదు. నేనైతే ఆ ఇంట్లోనే పెరిగాను, ఆ గ్లాసులో పైనుంచి, తగలకుండా కాఫీ పోసినదాన్నే. కింద ఒలికితే అమ్మ తిట్టేది, ఒలికినందుకు.

పిల్లల దగ్గర ఏదీ దాచకండి, వయసుకి తగ్గట్టు చెప్పండి అని ఫ్రెండ్స్‌కి లెక్చర్లిచ్చే నేను ఆరోజు "ఐస్‌క్రీమ్ తింటావా" అన్నాను. నాన్న వినపడనట్టు నది వైపు చూస్తున్నారు, ఆయన చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. అసలు ఏం చెప్పాలి, అది వేరు ఇది వేరు అంటే నిజమే, కానీ ఆ నిజం వెనక నేనే దాక్కుంటున్నానేమో అనిపించింది.

వాడు వదల్లేదు. రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మనే అడిగాడు, ఆ గ్లాసు ఇంకా చూరులోనే ఉందా అని.

"లేదురా కన్నా, ఇప్పుడు పేపర్ గ్లాసులు తెప్పిస్తున్నాంగా" అంది అమ్మ, కాస్త గర్వంగానే.