కాల్చినా పోని కథ

ఇంటర్ చదివేటప్పుడు నా కథల నోట్‌బుక్ బియ్యం డబ్బాలో దాచేదాన్ని. ఒకరోజు జేజి బియ్యానికని చెయ్యి పెడితే తగిలింది. "ఏందిమే ఇది?" అంది. పాల లెక్కలు అన్నా. జేజికి చదువు రాదు కాబట్టి బతికిపోయా.

ఫ్యానీ బర్నీ గురించి చదివినప్పుడల్లా ఆ డబ్బానే గుర్తొస్తుంది. 1752లో పుట్టిన ఇంగ్లండ్ నవలా రచయిత్రి (బ్రౌన్ దొర మన కడపకు వచ్చిన 1820లో కూడా ఉంది, 68 ఏళ్ల మనిషి). ఆడపిల్ల కథలు రాయడం పరువు తక్కువనుకుని, పదిహేనో పుట్టినరోజున రాసినవన్నీ పెరట్లో మంటేసి కాల్చేసింది, పక్కన చెల్లెలు ఏడుస్తూ చూస్తుండగా. అందులో కారొలిన్ ఎవెలిన్ అనే ఆమె కథ ఒకటి. కాగితాలైతే బూడిదయ్యాయి గానీ ఆ కారొలిన్ కూతురు మాత్రం బర్నీ బుర్రలోంచి పోలేదు, ఆ కూతురి కథే 1778లో వచ్చిన 'ఎవెలీనా'. రచయిత పేరు లేదు. వాళ్ల నాన్న రాసిన సంగీత చరిత్ర పుస్తకానికి సాపు ప్రతి రాసింది తనే కాబట్టి ప్రెస్సువాళ్లు గుర్తుపడతారేమోనని దస్తూరీ కూడా మార్చేసింది. ముట్టింది 20 గినీలు (అప్పటి ఇంగ్లండ్ నాణేలు).

ఇంత భయస్తురాలు ఏం నీతి చెబుతుందిలే అనుకున్నా. 'ఎవెలీనా'లో పందెం సీను వచ్చేదాకా. ఇద్దరు పెద్దింటి మగాళ్లు పొద్దుపోక, ఎనభై దాటిన ఇద్దరు ముసలమ్మలను తెచ్చి పరుగు పందెం పెడతారు, మన పక్క కోడిపుంజుల్ని తెచ్చినట్టు. పాపం వాళ్లు పడిపోతారు. ఎవెలీనా లేపడానికి పోతే పందెం కాసిన ప్రభువు అడ్డుపడతాడు, సాయం చేస్తే మోసమంట! బర్నీ ఎక్కడా ఉపన్యాసం ఇవ్వదు. ఎవరు నవ్వుతున్నారో, ఎవరు పడిపోయారో చూపించి ఊరుకుంటుంది.

అదే మనిషి మరుసటేడు నాన్న వద్దన్నాడని రాసిన నాటకాన్ని పక్కన పెట్టేసింది. నాకైతే ఒళ్లు మండింది. కానీ 1811లో పారిస్‌లో, మత్తుమందులు లేని కాలంలో, రొమ్ము కోసి తీసేస్తే ఓర్చుకుని, తర్వాత అక్కకు ఆ నొప్పినంతా ఉత్తరంలో రాసింది కూడా ఈవిడే.

మొన్న ఆదివారం కారం దోసె తింటూ జేజికి పందెం సంగతి చెప్పా. జేజికిప్పుడు ఎనభై రెండు. దోసె తుంచడం ఆపి అంతా విని, "గెలిచిన ముసిలామెకు ఎంతిచ్చినారంట?" అంది.


లోపలికి పోయి పుస్తకం తెచ్చి మళ్లీ ఆ పేజీలు తిప్పడం మొదలుపెట్టా.