రైలెక్కి వెళ్ళి మైల్స్ ఖర్చుపెట్టాం

నా ఖాతాలో ఉన్న 23,400 మైల్స్‌కి, అంటే విమానం ఎక్కినందుకు సంస్థ వేసే పాయింట్లకి, నెలాఖరుతో గడువు తీరిపోతుందని విమాన సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. పోతే పోనీలే అనుకునే మనిషిని కాదు నేను. టీ పొడి ప్యాకెట్‌తో ఫ్రీగా వచ్చిన చెంచాలు కూడా దాచే ఇంట్లో పుట్టినదాన్ని.

ఆఫీసు పని మీద మూడేళ్ళ పాటు హైదరాబాదు నుంచి దుబాయ్‌కి తిరిగి తిరిగి పోగుచేసినవవి. వెనకటిసారి 20,000 మైల్స్, పన్నుల కింద మూడు వేల రూపాయలు కట్టి, పదిహేడు వేల రూపాయల టికెట్ తీసుకున్నాను. అంటే కట్టిన మూడు వేలు పోగా మైలుకి 70 పైసలు గిట్టింది. ఈసారి చూస్తే అదే టికెట్‌కి 30,000 అడుగుతోంది. మైల్స్‌తో ఉన్న చిక్కే అది. మన దగ్గరున్నది డబ్బు కాదు, వాళ్ళిచ్చిన టోకెన్. దాని విలువ రాత్రికి రాత్రి వాళ్ళే మార్చేస్తారు.

అదే సైట్‌లో హోటళ్ళు అని ఒక మీట కనిపించింది. సరదాకి నెల్లూరు అని కొట్టాను. నాలుగైదు హోటళ్ళు వచ్చాయి. ట్రంకు రోడ్డుకి దగ్గరలో ఒకటి, రెండు రాత్రులకి పన్నులతో కలిపి 22,600 మైల్స్. అదే గది డబ్బిచ్చి తీసుకుంటే 7,800 రూపాయలు. లెక్కేస్తే మైలుకి 35 పైసలు కూడా రావడం లేదు. టికెట్‌తో పోలిస్తే సగం. మామూలుగా అయితే ఈ బేరం ఒప్పుకోకూడదు. హోటల్ గదికి మైల్స్ ఇవ్వడమంటే బంగారం ఇచ్చి ఇత్తడి తెచ్చుకోవడమే. కానీ నెలాఖరు దాటితే నా బంగారం విలువ సున్నా. పైగా గడువు బుక్ చేసే రోజుకే గానీ, గదిలో దిగే రోజుకి కాదు. బుక్ చేసి పడేశాను, వచ్చే నెల తేదీలకి. రద్దు చేస్తే మైల్స్ తిరిగిరావని షరతుల్లో ఉంది. చదివే నొక్కాను.

నెల్లూరే ఎందుకంటే అమ్మ కోసం. అమ్మమ్మ పోయాక మూలాపేటలో ఇల్లు అమ్మేశారు. ఆ తర్వాత అమ్మ ఆ ఊరి ముఖం చూడలేదు.

తమాషా ఏమిటంటే నెల్లూరుకి విమానం లేదు. దగదర్తి విమానాశ్రయం మాట ఏళ్ళ తరబడి వింటూనే ఉన్నాం. ఇప్పటికైతే రేణిగుంటలోనో చెన్నైలోనో దిగి రోడ్డున పడాలి. మన ఒంగోలు జాతి పశువులు మాత్రం ఎప్పుడో ఓడెక్కి బ్రెజిల్ చేరి, అక్కడ 'నెలోర్' అని మన జిల్లా పేరుతోనే స్థిరపడ్డాయి. వాటి పాటి ప్రయాణ యోగం మనకి లేదు. మేం సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

అసలు గొడవ పెద్దమామయ్యతో. స్టోన్‌హౌస్‌పేటలో ఉంటాడు. ఫోన్‌లోనే మొదలెట్టాడు.

"మేం బతికుండగా నెల్లూర్లో హోటల్లో దిగేదేందమ్మాయ్? ఎవురన్నా వింటే నవ్వుతారు."

"మైల్స్ మామయ్యా, వాడకపోతే పోతాయి."

"పోతే పోనీ. మా ఇంట్లో పడుకుంటే నీకేం పోతాది?"

జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాను.

పొద్దున్నే రైలు దిగి, మంకుపట్టుగా నేరుగా హోటల్‌కే వెళ్ళాం. కౌంటర్ దగ్గర కుర్రాడు నేను చూపించిన నంబర్‌ని రెండుసార్లు కొట్టి, "ఈ నంబర్ మా దాంట్లో రావడం లేదు మేడమ్" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది. నా పక్కన అమ్మ, అమ్మ చేతిలో సంచి, సంచిలో వాళ్ళన్నయ్యకి తెచ్చిన పుల్లారెడ్డి నేతి మిఠాయి.

తర్వాత తెలిసింది, విమాన సంస్థ నేరుగా హోటల్‌తో మాట్లాడదు. మధ్యలో గదులు అమ్మే ఏజెంటు కంపెనీ ఒకటి ఉంటుంది. మనకి మెయిల్‌లో పెద్దక్షరాలతో కనిపించేది విమాన సంస్థ నంబర్. హోటల్ వాళ్ళకి కావలసింది వోచర్, అంటే బుకింగ్ కాగితం, అడుగున చిన్నక్షరాల్లో ఉండే రెండో నంబర్. అది చూపిస్తే కూడా దొరకలేదు, ఎందుకంటే ఇంటిపేరు ముందు పడాల్సింది వెనక పడింది. కుర్రాడు ఓపిగ్గా ఆ రోజు వచ్చేవాళ్ళ జాబితా అంతా పైనుంచి కిందకి చదివి పట్టుకున్నాడు. ముందురోజు ఒక్క ఫోన్ చేసి ఆ రెండో నంబర్ చెప్పి ఉంటే ఈ తంటా ఉండేది కాదు. వాళ్ళ దృష్టిలో మేం మైల్స్ వాళ్ళమూ కాదు, విమానం వాళ్ళమూ కాదు, ఏజెంటు పంపిన గిరాకీ అంతే. టిఫిన్ కూడా మా బుకింగ్‌లో లేదట.

గది పన్నెండింటికి ఇస్తామన్నాడు. అమ్మ ఆధార్ జిరాక్స్ కావాలన్నాడు. అప్పటిదాకా ఎక్కడుంటాం? ఆటో ఎక్కి మామయ్య ఇంటికే పోయాం. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూసి ఆయన ఏమీ అనలేదు. ఆ అనకపోవడమే ఎక్కువైంది నాకు. అత్తయ్య కారం దోశలు వేసింది. పప్పుల పొడి, పైన నెయ్యి. నాలుగు తిన్నాను.

పదకొండింటికి మూలాపేట వీధిలోకి వెళ్ళాం. అమ్మ వాళ్ళ ఇల్లు ఉన్నచోటే ఉంది, కానీ వసారా కొట్టేసి ముందు మూడు కొట్లు కట్టారు. మధ్యది జిరాక్స్ షాపు. అమ్మ కాసేపు రోడ్డుకి అవతలే నిలబడింది. తర్వాత పర్సులోంచి ఆధార్ తీసి, "ఇక్కడే తీయించేద్దాం" అంది.

రెండు కాపీలు. మిషన్ వెలుగు అటూ ఇటూ పోతుంటే అమ్మ నేలకేసి చూస్తోంది. బయటికొచ్చాక చెప్పింది. "మీ తాతయ్య పడక్కుర్చీ సరిగ్గా ఆ మిషన్ ఉన్నచోటే ఉండేది. పేపరు చదువుతూ ఎవరొచ్చినా కాళ్ళు తీసేవాడు కాదు." షాపు అబ్బాయికి మాత్రం ఏమీ చెప్పలేదు. చిల్లర తీసుకుని వచ్చేసింది.

సాయంత్రం రంగనాథస్వామి గుడికి వెళ్ళాం. గాలిగోపురం, అద్దాల మండపం, వెనక పెన్న. చిన్నప్పుడు అద్దాల మండపంలో తన ముఖం ఎన్నిసార్లు కనిపిస్తోందో లెక్కపెట్టేదట అమ్మ. మర్నాడు తెల్లవారుజామున మైపాడు. దారిలో బకింగ్‌హామ్ కాలువ, రొయ్యల గుంటల్లో నీళ్ళు చిమ్మే చక్రాల చప్పుడు. సముద్రం దగ్గర అరగంట ఉన్నాం, అమ్మకి గాలి పడలేదు.

మైపాడు నుంచి గదికి వచ్చేసరికి మామయ్య హోటల్ కింద సోఫాలో కూర్చుని ఉన్నాడు. చేతిలో క్యారియర్. రాత్రి అత్తయ్య వండిన కొర్రమేను పులుసు, మామిడికాయ ముక్కలేసింది. చేపల పులుసు వండిన రోజుకంటే మర్నాడే బాగుంటుందని నెల్లూర్లో ఎవర్నడిగినా చెప్తారు. కింద నుంచి ఇడ్లీలు తెప్పించుకుని, ఆ పులుసులో ముంచుకుని తిన్నాం. బుకింగ్‌లో టిఫిన్ లేకపోవడం ఎంత మంచిదైందో.

మామయ్య గదంతా తిరిగి చూశాడు. బాత్రూం తలుపు తీసి చూశాడు. పరుపు నొక్కాడు. ఏసీ రిమోట్ తీసుకుని ఇరవైకి తగ్గించి, "ఊరికే కాసేపు" అని నడుం వాల్చి, గంటన్నర నిద్రపోయాడు. మేమిద్దరం కుర్చీల్లో కూర్చుని గుసగుసగా మాట్లాడుకున్నాం.

లేచాక మొదటి ప్రశ్న, "మావోడు కూడా దుబాయ్ నుంచి వస్తా పోతా ఉంటాడు గదా, వాడికీ ఇవి ఉంటాయంటావా?"

అప్పటికప్పుడు బావకి వాట్సాప్ కాల్ చేశాం. సభ్యత్వం ఎప్పుడో తీసుకున్నాడట, కానీ టికెట్ ఏజెంటు తీసిస్తాడు కాబట్టి ఆ సభ్యత్వ నంబర్ టికెట్ మీద ఒక్కసారి కూడా వేయించలేదు. ఆరేళ్ళ రాకపోకలు గాలికి పోయాయి. పాత ప్రయాణాలకి తర్వాతైనా అడిగి మైల్స్ వేయించుకోవచ్చనీ, వాడు ఎక్కే సంస్థ ఆరు నెలల దాకా ఒప్పుకుంటుందనీ చూసి చెప్పాను. టికెట్ నంబర్ ఉంటే చాలు. "ఆ మెయిల్ ఏజెంటు దగ్గరే ఉంటాది, నా దగ్గర ఏమీ లేదు" అన్నాడు బావ.

మర్నాడు రాత్రి రైలుకి ముందు మామయ్య ఇంట్లో అన్నం తింటున్నాం. ఆయన ఉన్నట్టుండి లేచి లోపలికి వెళ్ళి పంచాంగం తెచ్చాడు. పేజీ గుర్తుకి పెట్టుకున్న బోర్డింగ్ పాస్ ముక్క అందులోంచి తీసి నా కంచం పక్కన పెట్టాడు. పోయినసారి కొడుకు వచ్చినప్పుడు బల్ల మీద వదిలేసి పోయిందట. ఎడంచేత్తో తిప్పి చూశాను. టికెట్ నంబర్ కింద సన్నగా ఉంది. తేదీ లెక్కపెట్టాను. ఆరు నెలలకి ఇంకా పదకొండు రోజులుంది.