నాలుగో ఫారం ప్రూఫు

"చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారులెండి మేడమ్."

పొద్దున విజయవాడ గవర్నర్‌పేటలో పేజీలు కూర్చే డీటీపీ అబ్బాయికి, నా కథల పుస్తకం అచ్చుకి ముందు చూసుకునే ప్రూఫులో తప్పులు చూపిస్తే, ఈ మాట అనేసి మళ్ళీ తన పనిలో పడిపోయాడు. నేను మాత్రం ఇంకా ఆ మాట దగ్గరే ఉన్నాను. కూర తరుగుతున్నా అదే, అత్తయ్యకి మాత్రలు ఇస్తున్నా అదే. పదకొండు దాటింది. ఆయన నిద్రపోయారు. నేను ఇదిగో, టైపు చేస్తున్నాను.

పుస్తకం పేరు కాలవగట్టు. అందులో కథలన్నీ నేను యూనికోడ్‌లో టైపు చేసుకున్నవేనని మీకు తెలుసు. డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేరూ, యూనికోడ్ కాని అను ఫాంట్లూనే. యూనికోడ్‌ని అందులోకి మార్చేటప్పుడు కొన్ని అక్షరాలు దెబ్బతింటాయి. మూడు హల్లులు కలిసినచోట ఒక ఒత్తు ఎగిరిపోతుంది. ఇంగ్లీషు మాటకి మన 'లో', 'కి' తగిలినచోట పొల్లు పోయి, తర్వాతి అక్షరం ఒత్తుగా కిందికి దిగిపోతుంది. నేను 'బస్‌లో' అని రాస్తే ప్రూఫులో 'బస్లో' అని వచ్చింది. 'ట్యూషన్‌కి' కాస్తా 'ట్యూషన్కి' అయింది. కొటేషన్ మార్కులు కొన్నిచోట్ల తెరుచుకున్నాయి గానీ మూసుకోలేదు. ఫారం అంటే కలిపి అచ్చువేసే పదహారు పేజీలు, ఇది నాలుగోది. ఎర్ర పెన్ను పడని పేజీ ఒక్కటీ లేదు. పడవ సరంగు కథ చదివినవాళ్ళకి చెబుతున్నాను, ఆ చివరి వాక్యంలో లక్ష్మి పేరుకి మ-ఒత్తు పోయింది. కథంతా ఆ పిల్ల కోసం నడిచి నడిచి, ఆఖరికి ఆమె పేరు 'లక్షి' అని ముగిసింది.

ఇవన్నీ ఫాంటు తెచ్చిన తప్పులు, అబ్బాయివి కావు. అది నాకు తెలుసు. నా బాధ వేరే. నేను దిద్ది ఇచ్చినవాటిలో కొన్ని అలాగే తిరిగొచ్చాయి. ఇంకొన్నిచోట్ల, చెప్పిన తప్పు దిద్దుతూ పక్క లైనులో కొత్త తప్పు పెట్టాడు. ఒక పేరాలో రెండు లైన్లు అసలు కనిపించకుండా పోయాయి. అవి నేను చదువుతుంటే మాట తడబడినట్టు అనిపించి, ఫోన్‌లో అసలు కథ తీసి పోల్చుకుంటే గానీ దొరకలేదు. అదే అడిగాను. అందుకు వచ్చిన జవాబు పైన రాశాను.

అర్థం చేసుకుంటారు, నిజమే. కానీ రెండు వందలు పెట్టి కొన్న మనిషి నా పుస్తకాన్ని తనే దిద్దుకుంటూ ఎందుకు చదవాలి? ఆ పోయిన రెండు లైన్లని ఎవరు అర్థం చేసుకుంటారు, అవి ఉన్నాయని తెలియనప్పుడు?

ఇంటికొచ్చేసరికి ముందుమాట రాసిన మాస్టారి ఫోన్. "ఏమ్మా, డేట్ ప్రకటించావా? బుక్ ఫెస్టివల్ దగ్గరికొచ్చేసింది. జనవరి దాటితే మన ఊళ్ళో పుస్తకం ఊసు ఎవరికి పడుతుంది?" ఆయన అన్నదీ అబద్ధం కాదు. రాఘవయ్య పార్కు దగ్గర ఎం.బి. విజ్ఞాన కేంద్రంలో హాలు దొరుకుతుందేమో కనుక్కుంటానన్నారు. ఫోన్ పెట్టగానే మా చిన్నమ్మాయి మొదలుపెట్టింది. బ్యారేజీ మీద నిలబడి రీల్ చేద్దామట, కవర్ పేజీ చేత్తో పట్టుకోవాలట, ముందే బుకింగ్స్ తీసుకోవాలట. నాకు ఒళ్ళు మండింది. ప్రెస్ నుంచి కట్టలు ఇంట్లోకొచ్చి, ఒక కాపీ విప్పి మొదటి పేజీ నుంచి చివరి అట్ట దాకా చూసుకునేదాకా ఎవరికీ ఒక్క ముక్క చెప్పేది లేదన్నాను. తప్పులున్న పుస్తకాన్ని కొనమని అడగడానికి నాకు నోరు రాదన్నాను. అది మొహం ముడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచీ బాబాయే గుర్తొస్తున్నాడు.

గాంధీనగర్ సందులో ఆ ప్రెస్‌లో బాబాయి కంపోజిటర్. స్కూలు వదలగానే కేరియర్ తీసుకుని వెళ్ళేదాన్ని. గోడ పొడుగునా చెక్క కేసులు, వాటి నిండా చిన్న చిన్న గళ్ళు, గళ్ళలో సీసపు అక్షరాలు. ఒత్తులకి వేరే గళ్ళు. బాబాయి ఎడమచేతిలో స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో అక్షరం తీసి పేర్చేవాడు. చెయ్యి ఏ గడిలోకి వెళ్ళాలో కన్ను చూడక్కర్లేదు. అక్షరాలు తలకిందులుగా ఉంటాయి, అయినా నేను పేపర్ చదివినంత సులువుగా చదివేసేవాడు. మధ్యాహ్నమంతా పేర్చింది గేలీ అనే పళ్ళెంలోకి ఎక్కించి, ఇంకు రోలర్ నడిపి, తడి కాగితం వేసి ప్రూఫు తీసేవాడు. ఆ కాగితం కిరసనాయిలు వాసన, ఇంకు వాసన కలిసి కొట్టేది.

ప్రూఫు దిద్దేటప్పుడు నన్ను పక్కన స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. రాతప్రతి నా చేతిలో, ప్రూఫు ఆయన చేతిలో. నేను పైకి చదవాలి, ఆయన వింటూ చూసుకోవాలి. మాటలే కాదు, "కామా", "ఫుల్‌స్టాప్", "కొత్త పేరా", "కొటేషన్ మొదలు", "కొటేషన్ అయిపోయింది" అని అన్నీ చదవాలి. తొందరగా చదివితే ఒప్పుకునేవాడు కాదు. "నేను పేర్చింది నా కంటికి ఎప్పుడూ బాగానే కనపడుతుందే తల్లీ. నీ నోరు కావాలి నాకు" అనేవాడు. ఎవరివో పెళ్ళి శుభలేఖలు, ఏదో సహకార సంఘం వార్షిక నివేదిక, ఎవరో పెద్దాయన రాసుకున్న శతకం, అన్నీ అలాగే చదివాను. శతకం పద్యాలకి యతి దగ్గర ఆగమని నేర్పింది కూడా ఆ స్టూలే. ఒకసారి ట్రెడిల్ మిషన్ మీద అచ్చు మొదలయ్యాక ఏదో కనపడింది ఆయనకి. మిషన్ ఆపించి, ఫారం, అంటే అక్షరాలు బిగించిన చట్రం, కిందికి దించి, తాళం వదులు చేసి, చిమటాతో ఒకే ఒక్క ఒత్తు తీసి ఇంకోటి పెట్టాడు. ఓనరు గొణుగుతూనే ఉన్నాడు. బాబాయి బదులు చెప్పలేదు. అప్పటికే అచ్చయిన కాగితాలు పక్కన పెట్టించాడు.

ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు నా పట్టుదలకి సాక్ష్యంగానే బాబాయిని తలుచుకున్నాను. బాబాయి కూతురు లాంటిదాన్ని, తప్పుతో వదలను అని రాయబోయాను. కానీ ఆ రోజులు ఇంకాస్త తలుచుకుంటే వేరే సంగతి కనపడుతోంది. ఆ ప్రెస్‌లో తారీఖు లేని పని ఒక్కటీ లేదు. శుభలేఖకి ముహూర్తం, నివేదికకి సభ, శతకానికి ఆ పెద్దాయన సప్తతి, అంటే డెబ్భయ్యో ఏటి వేడుక. తారీఖు ముందే నలుగురికీ తెలిసిపోయి ఉండేది. బాబాయి ఆ తారీఖు లోపలే మిషన్ ఆపించాడు, ఆ తారీఖుకే ఇచ్చాడు. నేను తారీఖునే లేకుండా చేసుకుని, అది పుస్తకం మీద ప్రేమ అనుకుంటున్నాను. సాయంత్రం అన్నదానికీ ఇప్పటికీ నా మాట మారింది, మారనివ్వండి.

డబ్బు సంగతి కూడా ఉంది. 176 పేజీలు, వన్ బై ఎయిట్ డెమ్మీ సైజు, పదకొండు ఫారాలు, 70 జీఎస్ఎం కాగితం. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు మూడు వందల కాపీలకైనా వెయ్యికైనా ఒకటే, కాబట్టి తక్కువ వేస్తే కాపీకి ఎక్కువ పడుతుంది. షాపులో పెడితే నలభై శాతం కమీషన్ అడిగారు, అదీ అమ్ముడయ్యాక ఎప్పుడో ఇస్తారు. ప్రెస్‌కి మాత్రం కట్టలు తీసుకునే రోజే డబ్బు కట్టాలి. ముందుగా కొనేవాళ్ళు ఉంటే ఆ బిల్లు తేలిగ్గా తీరుతుంది, లేకపోతే మా ఆయన ఎఫ్‌డీ వైపు చూడాలి. అది నాకు ఇష్టం లేదు. పోస్టు సంగతి చూస్తే, 2024 డిసెంబరులో రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ తీసేశాక నాలాంటివాళ్ళకి పుస్తకం పంపడమే బరువైపోయింది. 2025 మే 1 నుంచి పుస్తకాల కోసమని జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, పన్ను అదనం. నా పుస్తకం ప్యాకింగుతో కలిపినా ఆ లోపే తూగుతుందని లెక్కేశాను. కథల పుస్తకాన్ని ఆ కింద తీసుకుంటారా అని ఒకసారి కౌంటర్‌లో అడిగి రావాలి.

చెప్పడం మర్చిపోతున్నాను, ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు, వచ్చింది. మన దేశంలో అది ఉచితమే. కవర్ కూడా తయారైంది, నీళ్ళ రంగు నేను అనుకున్నట్టే వచ్చింది. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికీ, ముంబయి, ఢిల్లీ గ్రంథాలయాలకీ ఒక్కో కాపీ పంపాలి. కన్నెమరాలో మన కాలవగట్టు ఉంటుందని తలుచుకుంటే సంతోషంగా ఉంది. ఇక్కడ రామ్మోహన్ గ్రంథాలయానికి ఒకటి నేనే తీసుకెళ్ళి ఇస్తాను.

సరే, చేయాల్సింది ఇది. పొద్దున్నే చిన్నదానికి చెబుతాను, ముందస్తు బుకింగ్ పోస్టు రాయమని. రీల్ కూడా చేద్దాం, కానీ కవర్ చూపించడం కాదు, సరంగు కథలో మొదటి పేరా నేను చదువుతాను. మాస్టారికి హాలు ఖాయం చేయమంటాను. డీటీపీ సెంటర్‌కి వెళ్ళి ఆ అబ్బాయి పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటాను, దిద్దింది దిద్దినట్టు నా ఎదురుగా మార్చాలి. లక్ష్మి పేరుతో మొదలుపెడదాం అంటాను.

మిగిలిన ఫారాలు ఇక కళ్ళతో ఒక్కదాన్నే చూడను. చిన్నదానికి పరీక్షలున్నాయి కాబట్టి రోజుకో ఫారం కన్నా ఎక్కువ అడగలేను. అత్తయ్య కళ్ళద్దాలు మార్చాక బాగానే చదువుతున్నారు, మధ్యాహ్నం పూట ఆవిడని కూర్చోబెడతాను. కామాలు కూడా చదవాలంటే విసుక్కుంటారేమో. కథ మధ్యలో ఆపేసి "ఆ తర్వాత ఆ పిల్లేమైంది?" అని మాత్రం తప్పకుండా అడుగుతారు.